రొయ్యల చెరువు ఆట ఆడే నాలుగేళ్ల బాబుకి ట్యూషన్ పెట్టాలా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీది భీమవరం దగ్గర పల్లెటూరు, మీవారికి రొయ్యల చెరువులు, బాబుకి నాలుగేళ్లు నిండి రెండు నెలలు, ఎల్‌కేజీ. బళ్లో టీచరు "రాతలో బాగా వెనకబడ్డాడు, ఇంట్లో కూర్చోబెట్టి రాయించండి, లేదా ట్యూషన్ పెట్టండి" అంది. బాబేమో ఇంటికొచ్చిన దగ్గర్నుంచి పెరట్లో నీళ్ల టబ్బు ముందు కూర్చుని తనలో తనే మాట్లాడుకుంటూ మట్టితో ఆడుతుంటాడు. అత్తగారు జలుబు చేస్తుందని తిడతారు, ఆడపడుచు ఆరు వేలు పెట్టి ఎడ్యుకేషనల్ టాయ్స్ సెట్ కొనమంటోంది, మీకేమో ఈ టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. ఇదీ కదా సంగతి.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ట్యూషన్ వద్దు. ఆ సెట్టూ వద్దు. టబ్బు ఉండనివ్వండి.

నేను కోనసీమలో అంగన్‌వాడీ టీచరుగా 1991లో చేరి 31 ఏళ్లు చేసి దిగాను. మధ్యలో దూరవిద్యలో చిన్నపిల్లల చదువుల మీద డిప్లొమా కూడా చేశాను గానీ, నాకు తెలిసినదాంట్లో ముప్పావు వంతు ఆ ఒక్క గదిలో, దాని ముందున్న వేపచెట్టు కింద నేర్చుకున్నదే. అందుకని పుస్తకం మాట ఎక్కడుందో, నా మాట ఎక్కడుందో విడదీసే చెప్తాను.

మీరు ఫిర్యాదు కింద రాసిన ఒక ముక్క ఉంది చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. బాబు టబ్బులో నీళ్లు పోస్తాడు, గుప్పెడు మట్టి కలుపుతాడు, పౌడరు డబ్బా మూతకి దారం కట్టి అందులో కాస్త ఇసుక వేసి ముంచుతాడు. కాసేపాగి పైకి లాగి చూసి "మేత తినలేదు, ఇవాళ తగ్గించాలి" అంటాడు. చెంచాతో నీళ్లు గిరగిరా తిప్పి అది ఏరియేటర్ (చెరువు నీళ్లలో గాలి కలిపే మిషను) అంటాడు. మీరు అన్నానికి పిలిస్తే "ఫోన్‌లో ఉన్నా" అంటాడట. దీన్ని మీరు "ఏదో పిచ్చి ఆట" అని రాశారు.

అది చెక్ ట్రే అమ్మా! మీ ఇంట్లో రోజూ వినే మాటే. మేత చల్లాక ట్రేలో కాస్త వేసి ముంచి, తర్వాత పైకి తీసి, ఎంత మిగిలిందో చూసి దాన్ని బట్టి మళ్లీ ఎంత వేయాలో లెక్క కడతారు. ఆ వరస మొత్తం మీవాడు చెరువు గట్టు మీద నాన్న పక్కన నిలబడి చూశాడు, ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, వచ్చి టబ్బులో కట్టాడు. మూతని ట్రే అనుకున్నాడు, ఇసుకని మేత అనుకున్నాడు, అనుకున్న ఆ రెండిటినీ ఆట అయ్యేదాకా మర్చిపోకుండా పట్టుకున్నాడు. మేత తినకపోతే తగ్గించాలి అనే కారణం కూడా పట్టుకున్నాడు. నాలుగేళ్లకి ఇది తక్కువ పని కాదు.

ఒక వస్తువుని ఇంకోటిగా అనుకోవడం అనేదాని మీద రష్యాలో వైగోత్‌స్కీ అనే సైకాలజిస్టు 1933లో ఒక ఉపన్యాసం ఇచ్చారు. ఆయన తీసుకున్న ఉదాహరణ మనింట్లో కూడా ఉండేదే, కర్రని కాళ్ల మధ్య పెట్టుకుని గుర్రం అని పరిగెత్తే పిల్లాడు. గుర్రం అనే అర్థాన్ని అసలు గుర్రం నుంచి విడదీసి ఒక కర్రకి అతికించగలిగాడు కదా, రాబోయే చదువంతా ఆ పని మీదే నిలబడుతుంది. ఆలోచించి చూడండి, 'అ' అనేది కాయితం మీద ఒక మెలిక. ఆ మెలికని నోట్లోంచి వచ్చే శబ్దం అనుకోవాలి. మూతని ట్రే అనుకోవడం, మెలికని శబ్దం అనుకోవడం, నా లెక్కలో రెండూ ఒక జాతి పనులే. కాకపోతే మొదటిది వాడికి ఇష్టమై తనంతట చేస్తున్నాడు, రెండోది ఇంకా చెయ్యి రాకముందే మనం చేయిస్తున్నాం.

ఇంకో సంగతి, ట్రే ముంచాక "కాసేపాగి" తీస్తాడని మీరే రాశారు. బళ్లో రెండు నిమిషాలు కుదురుగా కూర్చోడు అని టీచరు అంది. మరి ఇక్కడ ఎలా ఆగుతున్నాడు? రష్యాలోనే 1940ల్లో ఒక పరిశోధన జరిగింది. పిల్లల్ని ఊరికే కదలకుండా నిలబడమంటే కాసేపట్లోనే కదిలిపోయారు, అదే "నువ్వు కాపలా సిపాయివి" అని ఆటలో పెడితే చాలా ఎక్కువసేపు నిలబడ్డారు. మా సెంటర్లో ఇది నేను వందసార్లు చూశాను. కథ చెబుతుంటే పక్కవాడి జుట్టు లాగే పిల్లాడు డాక్టరు ఆటలో పేషెంటుగా పడుకోబెడితే కళ్లు మూసుకుని ఇంజెక్షన్ కోసం ఎదురుచూస్తాడు. ఆటలో రూలు వాడిదే, అందుకని దానికి వాడు కట్టుబడతాడు. ఆగడం అక్కడ అలవాటయ్యాకే మెల్లిగా బల్ల ముందుకొస్తుంది.

తనలో తను మాట్లాడుకోవడం గురించి మీరు కొంచెం భయపడుతూ అడిగారు. భయం లేదు. మూడు నుంచి ఆరేళ్ల మధ్య పిల్లలు పైకే ఆలోచిస్తారు. మనం మనసులో అనుకునేది వాళ్లు నోటితో అనుకుంటారు, తర్వాత ఆ మాటలు మెల్లిగా లోపలికి వెళ్లిపోతాయి. మీ అత్తగారు వంట చేస్తూ "ఉప్పు వేశానా, వేయలేదా" అనుకుంటారు చూడండి, అదే ఇది. వాడు ఏం మాట్లాడుతున్నాడో ఒక పూట దూరంగా కూర్చుని వినండి. "ముందు నీళ్లు, తర్వాత మట్టి, ఇప్పుడు ట్రే" అని తనకి తను పని పురమాయించుకుంటూ ఉంటాడు.

ఇక మీరు చివర్లో చిన్నగా రాసిన విషయం, నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించింది. ఒక్కో రోజు బాబు "వైరస్ వచ్చేసింది, మొత్తం పోయింది, పట్టేయండి పట్టేయండి" అని అరిచి టబ్బు బోర్లించేస్తాడని, అది వింటే మీవారికి ప్రాణం చివుక్కుమని కొట్టబోయారని రాశారు. ఆయన బాధ నాకు అర్థమైంది. ఒక పంటకి వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు వస్తే ఇంట్లో ఎలా ఉంటుందో గోదావరి జిల్లాల్లో చెప్పక్కర్లేదు. కానీ పిల్లాడు అపశకునం పలకట్లేదమ్మా. ఆ రాత్రి ఇంట్లో అందరి మొహాలూ వాడు చూశాడు. ఫోన్లు, హడావుడిగా పట్టుబడి (చెరువులో రొయ్యలన్నీ పట్టేయడం), లారీ, ఎవరూ అన్నం తినకపోవడం. ఎవరూ వాడికి ఏమీ చెప్పలేదు, చెప్పినా అర్థమయ్యే వయసు కాదు. అర్థంకాని దాన్ని వాడు టబ్బులోకి తెచ్చుకుని తన చేతుల్లో పెట్టుకుంటున్నాడు.

1996 నవంబరు 6 తుఫాను తర్వాత మా పిల్లలు ఏం ఆడారో చెప్తాను. మా వైపు కొబ్బరిచెట్లు వరసలకి వరసలు పడిపోయాయి, కొన్ని ఇళ్లలో మనుషులే పోయారు. సెంటరు మళ్లీ తెరిచాక నెలల తరబడి ఒకటే ఆట. తడిమట్టిలో ఈనెపుల్లలు వరసగా గుచ్చుతారు, ఇద్దరు బుగ్గలు పూరించి ఊదుతారు, చేత్తో ఒక్క ఊపున అన్నీ పడేస్తారు, మళ్లీ గుచ్చుతారు. ఒక పిల్ల మాత్రం పడేసిన ప్రతిసారీ ఒక పుల్లని నిలబెట్టి ఉంచేది, "ఇది మా ఇంటి దగ్గరది" అనేది. నాకు అప్పుడు భరించలేనట్టు అనిపించి రెండుసార్లు ఆపించాను కూడా. ఆపితే చెట్టు వెనక్కి వెళ్లి ఆడారు. తర్వాత ఆపడం మానేశాను. సంక్రాంతి దాటాక పడేయడం తగ్గింది, గుచ్చిన పుల్లల చుట్టూ ఇళ్లు కట్టడం మొదలైంది. ఎవరో చెబితే మొదలవ్వలేదు, ఎవరో చెబితే ఆగలేదు. మీవారికి ఈ పేరా చదివి వినిపించండి. కోప్పడే బదులు పక్కన కూర్చుని "ఇప్పుడేం చేద్దాం?" అని ఒక్క మాట అడిగితే చాలు, బాబు ఏం చెబుతాడో ఆయనకే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఇప్పుడు రాత సంగతి, మీ అసలు గొడవ అదే కాబట్టి.

పిల్లల చెయ్యి గీతలు నేర్చుకోవడానికి ఒక వరస ఉంది. రెండేళ్లకి నిలువు గీత చూసి గీస్తారు, మూడేళ్లకి సున్నా చుడతారు, నాలుగేళ్లకి ప్లస్ గుర్తు, నాలుగున్నర అయిదు మధ్య చతురస్రం, అయిదు దాటాక త్రిభుజం. కాస్త ముందూ వెనకా ఉంటుంది గానీ వరస మారదు. ఏటవాలు గీత అన్నిటికంటే ఆలస్యంగా కుదురుతుంది. ఇప్పుడు ఇంగ్లీషు 'ఏ' గుర్తు చేసుకోండి, రెండు ఏటవాలు గీతలు. మన 'ఈ' గుర్తు చేసుకోండి, అందులో ఎన్ని మలుపులు! ప్లస్ గుర్తు ఇప్పుడిప్పుడే వస్తున్న చేతికి నాలుగు గీతల కాపీలో పేజీ నిండా అవి రాయమంటే ఏడవక ఏం చేస్తాడు. పైగా మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి గట్టి ఎముకలే కావు, మెత్తటి మృదులాస్థి. ఒక్కొక్కటే ఏళ్ల మీద గట్టిపడతాయి. నాలుగేళ్ల పిల్లాడి చెయ్యి ఎక్స్‌రే తీస్తే ఎనిమిదీ కనిపించవు. ఇది మా ట్రైనింగులో ఫొటో చూపించినప్పుడు నేను కూడా నోరెళ్లబెట్టాను, ఎందుకంటే అప్పటికి అయిదారేళ్లుగా మూడేళ్ల పిల్లల చేత పలకల మీద దిద్దిస్తూనే ఉన్నాను.

మన వీధి బళ్లలో ఓనమాలు మొదట ఇసుకలో వేలితో దిద్దించేవాళ్లు. అక్షరాభ్యాసం రోజున ఇప్పటికీ పళ్లెంలో బియ్యం పోసే రాయిస్తాం. పెద్ద గీత, మొత్తం చెయ్యి కదలాలి, తప్పయితే చెరిపేసుకోవచ్చు, నొక్కి రాయక్కర్లేదు. ఆ పూటకి పద్ధతిగా చేసి మర్నాడు పెన్సిల్ ఇచ్చేస్తాం, అదే తమాషా.

మీవాడు టబ్బు దగ్గర చేసే పనులు చూడండి. దారం ముడి వేస్తున్నాడు (నాలుగేళ్లకి ముడి పడుతుందంటే నాకు ముచ్చటేసింది, ఒకవేళ మీరు వేసిచ్చినా పర్లేదు), రెండు వేళ్లతో ఇసుక తీసి మూతలో వేస్తున్నాడు, చెంచా తిప్పుతున్నాడు, మట్టి పిసుకుతున్నాడు. పెన్సిల్ పట్టడానికి కావాల్సిన మూడు వేళ్ల బలం అక్కడే వస్తోంది. ఇంకా పెంచాలంటే గోరుచిక్కుడు తుంచనివ్వండి, వేరుశెనక్కాయలు వలవనివ్వండి, తడి తువ్వాలు పిండనివ్వండి, చపాతీ పిండిలో ఒక ముద్ద వాడికివ్వండి. పాత పెయింటు బ్రష్షూ చిన్న డబ్బాలో నీళ్లూ ఇచ్చి ప్రహరీ గోడకి సున్నం వేయమనండి, ఎండకి ఆరిపోతుంది, మళ్లీ వేస్తాడు, భుజం దగ్గర్నుంచి చెయ్యి తిరుగుతుంది. ముగ్గు వేసేటప్పుడు పక్కన కాస్త పిండి వాడికీ ఇవ్వండి. మగపిల్లాడికి ముగ్గేంటి అంటారేమో అత్తగారు, మన అక్షరాలన్నీ గుండ్రాలూ మెలికలే కదా, ముగ్గు కంటే మంచి కాపీ పుస్తకం లేదని చెప్పండి.

కొంచెం పక్కదారి. ఎల్‌కేజీలో ఆ 'కేజీ' అంటే కిండర్‌గార్టెన్, జర్మన్ మాట, పిల్లల తోట అని అర్థం. ఫ్రోబెల్ అనే ఆయన 1837లో జర్మనీలో ఒక చిన్న ఊళ్లో మొదలుపెట్టి, 1840లో ఈ పేరు పెట్టారు. ఆయన పిల్లల చేతికి మొదట ఇచ్చినవి నూలు బంతులు, చెక్క దిమ్మెలు. ఇంకోవైపు గుజరాత్‌లో భావనగర్‌లో గిజుభాయి బధేకా అనే లాయరుగారు వకీలు పని వదిలేసి 1920లో బాలమందిరం పెట్టారు, కథలు, ఆటలు, నాటకాలతో. ఆయన్ని జనం మీసాలున్న అమ్మ అని ముద్దుగా పిలుచుకునేవారు. ఇక మాంటిస్సోరి పేరుతో మన దగ్గర సందుకో బోర్డు ఉంది. ఆ మహాతల్లి, ఇటలీ ఆవిడ, 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధంలో ఇక్కడే ఉండిపోయి చాలామంది టీచర్లకి శిక్షణ ఇచ్చింది. అయితే ఒక నిజం, ఆవిడ ఉత్తుత్తి ఆటల్ని పెద్దగా ప్రోత్సహించలేదు, పిల్లలకి ఉత్తుత్తి వంట కంటే నిజం పనులే ఇష్టం అనేది. నేను సగం ఒప్పుకుంటాను. గోరుచిక్కుడు నిజంగా తుంచనివ్వమన్నది అందుకే. మిగతా సగం, ఆవిడ మా తుఫాను పిల్లల్ని చూసి ఉంటే ఏమనేదో నాకు తెలుసుకోవాలని ఉంటుంది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆట ఆడితే తెలివి ఇంత పెరుగుతుంది, ఐక్యూ అంత పెరుగుతుంది అని ఎవరైనా అంకెలతో చెబితే నమ్మకండి, ముఖ్యంగా బొమ్మలు అమ్మేవాళ్లు. అమెరికాలో సైకాలజిస్టులు కొందరు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి 2013లో ఒక సమీక్ష రాశారు. ఉత్తుత్తి ఆట వల్లే తెలివీ సృజనా పెరుగుతాయని చెప్పడానికి గట్టి రుజువులు లేవని, అదొక దారి అయి ఉండొచ్చు గానీ అదొక్కటే దారి అనలేమని తేల్చారు. మాట నేర్చుకోవడంలో, కథ అల్లడంలో మాత్రం సంబంధం కాస్త గట్టిగానే ఉంది. కాబట్టి నేను ఆటని మందులా చెప్పట్లేదు. మీవాడికి ఇప్పుడు వచ్చిన పని ఇది, అందులో వాడు మాట, ఓపిక, లెక్క, చేతి వాటం అన్నీ వాడుతున్నాడు, దాన్ని తీసేసి చేతకాని పని పెట్టడం దండగ అంటున్నాను, అంతే.

బొమ్మల సెట్టు ఎందుకు వద్దన్నానంటే, ఆరు వేలు కాబట్టి మాత్రమే కాదు. ఒక్కటే పని చేసే బొమ్మకి పిల్లాడు చేసేదేమీ ఉండదు. బటన్ నొక్కితే అది పాడుతుంది, వాడు వింటాడు. సైమన్ నికల్సన్ అనే బ్రిటిష్ కళాకారుడు 1971లో దీని గురించి రాస్తూ, పిల్లలకి కావాల్సింది కదపడానికి, కలపడానికి, విడదీయడానికి వీలైన విడి వస్తువులు అన్నాడు. ఎన్ని ఎక్కువ ఉంటే అంత కల్పన. మన డెల్టాలో పుట్టిన పిల్లాడికి వాటికి కరువేమిటి? కొబ్బరి చిప్పలు, ఈనెలు, మట్టలు, ఎండాకాలం ముంజెలు తిన్నాక మిగిలే బుర్రలు (రెండు బుర్రలకి పుల్ల గుచ్చి పంగల కర్రతో తోసే బండి మీవారే చేసిస్తారు, అడగండి, ఆయన మొహం చూడాలి అప్పుడు), అరటి దొప్పలు, పాత చీర, అట్టపెట్టెలు, ఒండ్రు మట్టి. కొబ్బరాకుతో బూర, వాచీ, కళ్లజోడు. మన పెద్దవాళ్లు గుజ్జనగూళ్లు అన్నారు, బొమ్మరిల్లు అన్నారు, లక్కపిడతలు కొనిచ్చారు, ఈ ఆటకి మన భాషలో పేర్లున్నాయంటే ఎన్ని తరాలుగా ఆడుతున్నారో చూడండి.

ఇవ్వకూడనివి కూడా చెప్పాలి, ఇక్కడ మొహమాటం లేదు. చెరువు మందుల ఖాళీ డబ్బాలు, ప్రోబయాటిక్‌దైనా సరే, బ్లీచింగ్ సంచులు, కడిగినా సరే ఇవ్వద్దు. గురివింద గింజలు ముద్దుగా ఉంటాయి, నమిలితే విషం. పచ్చగన్నేరు కాయలూ అంతే, మీ పెరట్లో చెట్టుంటే కాయల్ని రాలినవి రాలినట్టు ఏరేయండి. మూడేళ్లలోపు పిల్లలు ఇంటికొస్తే చింతపిక్కలు, గోళీలు పైకి పెట్టేయాలి, గొంతులో అడ్డుపడతాయి.

జలుబు గురించి అత్తగారితో పోట్లాడకండి. జలుబు మట్టి వల్ల రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునే వైరస్ వల్ల వస్తుంది. అయితే మట్టితో నులిపురుగుల భయం ఉంది, అది నిజమే, కాబట్టి గోళ్లు చిన్నగా ఉంచండి, ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడగండి, అంగన్‌వాడీల్లో, బళ్లలో ఏడాదికి రెండుసార్లు ఇచ్చే ఆల్బెండజోల్ బిళ్ల మానకుండా వేయించండి. కోళ్లు, కుక్కలు తిరిగే చోటు మట్టి కాకుండా శుభ్రమైన చోటుది తెచ్చిపోయండి. ఈ జాగ్రత్తలన్నీ ఆవిడకే అప్పజెప్పండి, మీ ఇంట్లో గొడవ సగం తగ్గుతుంది.

మీరు ఆటలో ఏం చేయాలి అంటే, చాలా తక్కువ. నేను చేసిన తప్పు చెప్తాను. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో ప్రభలు (వెదురుతో కట్టి రంగు బట్టలు చుట్టిన ఎత్తయిన దేవుడి చట్రాలు) మీరూ చూసే ఉంటారు, గంగలకుర్రు వాళ్ల ప్రభల్ని భుజాల మీద మోస్తూ కౌశిక ఏట్లో దిగి దాటిస్తారు, ఒరిగిపోకుండా. ఒక ఏడు పండగ మర్నాడు మా పిల్లలు ఈనెపుల్లలకి పాత ఓణీ ముక్క చుట్టి ప్రభ కట్టారు, నేల మీద నా చీర ఒకటి పరిచి అది కౌశిక అన్నారు. ఆరుగురు మోస్తున్నారు. రోజూ ఎవరో ఒకర్ని కొట్టే పిల్లాడు ఒకడుండేవాడు, వాడు ముందు నిలబడి "మెల్లిగా, ఇటు ఒరుగుతోంది, అటు పట్టు" అని అడుగులో అడుగు వేయిస్తున్నాడు. నేను పాఠం దొరికిందన్న ఉత్సాహంతో మధ్యలోకి వెళ్లి "ఎన్ని పుల్లలున్నాయి? ఇదే రంగు?" అని మొదలుపెట్టాను. ఎనిమిది టీచర్, ఎరుపు టీచర్ అన్నారు బుద్ధిగా. ప్రభ కింద పెట్టేశారు, వచ్చి వరసలో కూర్చున్నారు. ఆట అక్కడితో సరి. ఆ రోజు నా రిజిస్టర్లో అంకెలు, రంగులు నేర్పినట్టు రాసుకున్నాను. ఎనిమిది, ఎరుపు వాళ్లకి ముందే వచ్చు. ఆరుగురు కలిసి ఒక బరువుని ఒరగకుండా దాటించడం అప్పుడే వస్తోంది, దాన్ని నేను ఆపాను.

అందుకని మీరు టబ్బు దగ్గరకి వెళ్లి "ఇందులో ఎన్ని రాళ్లున్నాయి, వన్ టూ చెప్పు" అనకండి. వాడు పిలిస్తేనే వెళ్లండి, వాడు ఏ వేషం ఇస్తే ఆ వేషం వేయండి. కూలీ అంటే కూలీ, కొనే సేటు అంటే సేటు. సేటు అయితే "కౌంట్ ఎంత బాబూ?" అని అడగండి. కేజీకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటని వాడికి తెలియకపోవచ్చు, "వంద" అనేస్తాడు, "అమ్మో, వందా? చిన్నవి, నాకు నలభై కావాలి" అనండి. అంకెలు అలా వస్తాయి. పిలవకపోతే మీ పని మీరు చూసుకోండి. ముఖ్యంగా టైం ఇవ్వండి. నేను చూసినంతలో మొదటి పావుగంట పిల్లలకి సామాన్లు సర్దుకోవడానికే పోతుంది, అసలు ఆట తర్వాత మొదలవుతుంది. అరగంటకోసారి పిలిచి పాలు తాగమంటే అది ఎప్పటికీ మొదలవ్వదు. రోజుకి ఒక గంట, గంటన్నర ఎవరూ పిలవని టైం వాడికి కేటాయించండి. "బోర్ కొడుతోంది" అంటే కంగారుపడి ఫోన్ ఇవ్వకండి, ఆ బోరులోంచే తర్వాత ఆట పుడుతుంది. ఫోన్ సంగతి మీరు అడగలేదు గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం ఈ వయసుకి రోజుకి గంట మించకూడదు, తక్కువైతే ఇంకా మంచిది. మూడు గంటలు ఒళ్లు కదలాలి, అందులో గంట బాగా పరుగులు పెట్టాలి.

టబ్బు ఆటతో పాటు వారంలో కొన్ని సాయంత్రాలు వీధిలో పిల్లలతో కలవనివ్వండి. ఒంటరిగా ఆడటం తప్పేం కాదు, కానీ నాలుగేళ్లకి ఇంకొకరితో కలిసి ఒక ఆట నడపడం మొదలవ్వాలి. మొదట్లో పక్కపక్కనే ఎవరి ఆట వాళ్లు ఆడతారు, కొట్టుకుంటారు, తర్వాత కుదురుతుంది.

బడితో ఎలా మాట్లాడాలి అంటే, దెబ్బలాటకి వెళ్లకండి, ఆ టీచరమ్మ మీద కూడా పైనుంచి ఒత్తిడి ఉంటుంది, తల్లిదండ్రులే కాపీలు తిరగేసి ఎన్ని పేజీలు రాయించారని అడుగుతారు మరి. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకటే దశగా పెట్టింది, 2022లో ఆ దశకి వచ్చిన పాఠ్య ప్రణాళిక కూడా ఆటల ద్వారానే నేర్పమంది. ఇది మర్యాదగా గుర్తు చేయండి. "ఇంట్లో చేతి బలం వచ్చే పనులు చేయిస్తున్నామండి, ఆరు నెలలు హోంవర్క్ రాత తగ్గించండి, రాయకపోతే కొట్టొద్దు, నిలబెట్టొద్దు" అని చెప్పండి. ఒప్పుకోకపోతే పేజీ రాయించకుండా ఒక్క వరస మీ పక్కన కూర్చోబెట్టి రాయించి మిగతాది వదిలేయండి. ప్రపంచం మునిగిపోదు.

డాక్టరుకి ఎప్పుడు చూపించాలో కూడా చెప్పాలి, లేకపోతే నా జవాబు ధైర్యం చెప్పి వదిలేసినట్టవుతుంది. రెండేళ్లకి రెండు మాటలు కలిపి మాట్లాడకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, రెండున్నర దాటినా ఉత్తుత్తి ఆట అసలు లేకపోవడం, గంటల తరబడి వస్తువుల్ని ఒకే వరసలో పెట్టడం తప్ప ఇంకేమీ ఆడకపోవడం, వచ్చిన మాటలు పోవడం. ఇవి ఉంటే ఆగకుండా పిల్లల డాక్టర్ని కలవాలి. అంగన్‌వాడీలకీ ప్రభుత్వ బళ్లకీ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వచ్చే టీములు కూడా పరీక్షిస్తాయి. మీరు రాసినదాంట్లో వీటిలో ఒక్కటీ నాకు కనిపించలేదు. "ఫోన్‌లో ఉన్నా" అన్న పిల్లాడి గురించి నాకు దిగులు లేదు. కాకపోతే పెన్సిల్ పట్టుకుంటే చెయ్యి వణుకుతుంటే పిల్లల డాక్టరుకి, కాయితం దగ్గరగా పెట్టుకుని చూస్తుంటే కళ్ల డాక్టరుకి ఒకసారి చూపించండి.

చివరిగా నీళ్లు. మీ చుట్టూ చెరువులు, కాలువ, పెరట్లో టబ్బు. చిన్నపిల్లలకి కొద్ది అంగుళాల నీళ్లు చాలు ప్రమాదానికి, అరుపు కూడా వినపడదు. చెరువు గట్టు మీదకి నాన్న చెయ్యి పట్టుకుని తప్ప వెళ్లకూడదు. టబ్బులో వీలైనంత తక్కువ నీళ్లు పోయండి, మీరో అత్తగారో కనుచూపులో ఉండాలి. ఆట అవగానే ఒంపేయండి, రేపటికి పనికొస్తాయని ఉంచకండి. ఒంపేముందు మాత్రం వాడిని ఒక మాట అడగండి, పట్టుబడి అయిందా బాబూ అని.